కెంటకీ రైఫిల్ కిట్ పని డైరీ: ఎక్కడ తగలాలి, ఎక్కడ తగలకూడదు

కెంటకీ రైఫిల్ అంటే 18వ శతాబ్దపు పొడవాటి అమెరికా తుపాకీ. దాని నకలును విడిభాగాల కిట్ నుంచి కట్టుకున్న పని ఇది. ముందు చట్టం సంగతి. ఈ పని జరిగింది అమెరికాలో, పెన్సిల్వేనియాలో. అక్కడ 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం నల్ల తుపాకీమందుతో (బ్లాక్ పౌడర్), మూతి వైపు నుంచి కూరి పేల్చే ఇలాంటి రైఫిల్ ‘యాంటిక్’ లెక్కలోకి వస్తుంది. కానీ రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో దీన్ని మామూలు తుపాకీలాగే చూస్తారు. కొనేముందు మీ రాష్ట్రంలో ఏముందో కనుక్కోండి. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద నాటు తుపాకీకైనా లైసెన్సు ఉండాలి, లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం. కాబట్టి కిట్‌ని సూట్‌కేసులో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

కిట్ వివరాలు: 50 క్యాలిబర్ (గొట్టం రంధ్రం అర అంగుళం), పెర్కషన్ లాక్ (హ్యామర్ అనే సుత్తి చిన్న పేలుడు క్యాప్‌ని కొట్టి మందు అంటించే యంత్రం). ఎనిమిది పలకల బ్యారెల్ పొడవు 33½ అంగుళాలు, మందం 7/8 అంగుళం (22.2 మి.మీ), లోపలి గాళ్ల మెలిక 66 అంగుళాలకు ఒక చుట్టు. బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన స్టాక్ (తుపాకీ కర్ర భాగం) రెండు ముక్కలు. సామానంతా ఇత్తడి. బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనక కొసను, అంటే బ్రీచ్‌ని, మూసే బిరడా) ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది. దాన్ని విప్పకూడదు, విప్పాల్సిన అవసరమూ లేదు.

18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ చుట్టుపక్కల జర్మన్ వలస పనివాళ్లు చేసిన అసలు రైఫిళ్లకు ఒకే ముక్క మేపుల్ స్టాక్ ఉండేది, బ్యారెల్ 40 అంగుళాల పైమాటే. కిట్ స్టాక్ రెండు ముక్కలు కావడం ఖర్చు కోసం, పెట్టె పొడవు కోసం. ఆ అతుకు పెట్టే తిప్పలు మూడో దశలో వస్తాయి.

కిట్‌తో వచ్చే పుస్తకం చదివితే ఇదంతా రుద్ది రంగేసే పనిలా కనిపిస్తుంది. రంగు చివరి పని. అసలు పనంతా ఇనుము కర్రకు ఎక్కడ ఆనాలి, ఎక్కడ ఆనకూడదు అన్నది తేల్చడమే.

లెక్క: కిట్ 425 డాలర్లు.

## దశ 1: బ్యారెల్‌ని కర్రలో కూర్చోబెట్టడం

పనిముట్లు: పావు అంగుళం ఉలి, 1/8 అంగుళం ఉలి, చిన్న స్క్రేపర్, వెర్నియర్ కాలిపర్, కొవ్వొత్తి. డ్రెమెల్ లాంటి తిరిగే మిషన్ని ఈ దశలో దగ్గరికి రానివ్వకండి. ఉలి తప్పితే ఒక పెచ్చు లేస్తుంది, మిషన్ తప్పితే గుంట పడుతుంది.

బ్యారెల్‌ని గాడిలో పెట్టి నొక్కితే కూర్చున్నట్టే ఉంది. మసి పూసి చూస్తే బండారం బయటపడింది.

1. కొవ్వొత్తి మంట మీద పట్టి బ్రీచ్ వెనక ముఖానికి, ట్యాంగ్ (బ్రీచ్ నుంచి వెనక్కి సాగిన ఇనుప తోక) అడుక్కి పలచగా మసి పట్టించాలి.
2. బ్యారెల్‌ని గాడిలోకి నేరుగా దించి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి.
3. పైకి తీయాలి. కర్ర మీద నల్లగా అంటిన చోట మాత్రమే గీకాలి.
4. మళ్లీ మసి, మళ్లీ దించడం. ముఖమంతా మచ్చలు సమంగా పడేదాకా ఇదే పని.

మొదటిసారి మసి అంటింది ఎడమ పై మూలన మాత్రమే. మిగతా ముఖానికి, కర్రకు మధ్య 0.8 మి.మీ సందు. పైగా ట్యాంగ్ కొస కర్రను తన్నిపట్టుకుని ఉంది. ఉండకూడని చోట ఆనిక, ఉండాల్సిన చోట ఖాళీ. పేల్చినప్పుడు వచ్చే తోపు బ్రీచ్ ముఖం మీదుగా కర్రలోకి వెళ్లాలి. అది ట్యాంగ్ కొస మీద పడిందంటే ఆప్పులా పనిచేసి, స్టాక్‌లో అన్నిటికన్నా సన్నగా ఉండే మణికట్టు భాగాన్ని నిలువునా చీలుస్తుంది. పాత తుపాకుల్లో ట్యాంగ్ వెనక కనిపించే పగుళ్లలో చాలా వాటికి కారణం ఇదే.

మార్పు: ట్యాంగ్ కొస వెనక 0.5 మి.మీ కర్ర తీసేశాం. ఒక మందపాటి కాగితం దూరేంత సందు చాలు. పైకి కనబడుతుందని దాన్ని పూడ్చొద్దు. బ్రీచ్ వెనక 0.8 మి.మీని గీకుతూ పోతే బ్యారెల్ వెనక్కి జరిగి, లాక్ దగ్గర నిపిల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) స్థానం మారిపోతుంది. అందుకని అక్కడ కొద్దిగా సాపు చేసి, మిగతా సందును స్టీల్ పొడి కలిసిన ఎపాక్సీతో నింపాం.

ఎపాక్సీ విషయంలో రెండు జాగ్రత్తలు. బ్యారెల్‌కు, ట్యాంగ్‌కు, మర బెజ్జాలకు మైనం గట్టిగా పట్టించాలి, రెండు కోట్లు. బ్యారెల్ అడుగున ఉన్న గుంటల్ని, డవ్‌టెయిల్ (భాగాలు బిగించే వాలు గాడి) పక్క సందుల్ని పిల్లలాడుకునే బంకమట్టితో పూడ్చాలి. ఆ సందుల్లోకి ఎపాక్సీ పోయి గట్టిపడితే కొక్కెంలా పట్టేసి బ్యారెల్ ఇక జన్మలో బయటికి రాదు.

తర్వాత పిన్నులు. బ్యారెల్ అడుగు చెవుల్లోంచి దూరే 3/32 అంగుళం పిన్నులకు కిట్‌లో గుండ్రటి బెజ్జాలే ఉన్నాయి. కర్ర వానాకాలం ఉబ్బుతుంది, చలికాలం హీటర్ గాలికి ముడుచుకుంటుంది. ఇనుము మాత్రం అలాగే ఉంటుంది. గుండ్రటి బెజ్జంలో పిన్ను కదలక చివరికి కర్ర పగులుతుంది, లేదా బ్యారెల్ విల్లులా లాగబడి గురి తప్పుతుంది. చెవిలోని బెజ్జాన్ని సన్నటి గుండ్రటి ఆకురాయితో ముందుకు, వెనక్కి సాగదీసి, పొడవులో మొత్తం 1.5 మి.మీ ఆట ఇచ్చాం. ఎత్తులో మాత్రం ఆట ఉండకూడదు.

లెక్క: ఉలులు 38, ఎపాక్సీ 24. మొత్తం 487 డాలర్లు.

## దశ 2: లాక్, ట్రిగ్గర్

ఎక్కువ తిప్పలు పెట్టింది ఈ దశే, ఒకటి మారిస్తే ఇంకోటి కదులుతుంది కాబట్టి.

మొదటి కొలత: నిపిల్ కొసకు మార్కర్ సిరా పూసి, హ్యామర్‌ని బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించాం. సిరా హ్యామర్ గిన్నె మధ్యలో కాకుండా లోపలి అంచున అంటింది. అంటే హ్యామర్ 1 మి.మీ బయటికి ఉంది. చాలామంది ఇక్కడ హ్యామర్ మెడను వేడిచేసి వంచుతారు. ముందు కారణం వెతకాలి. లాక్ ప్లేట్‌కు, బ్యారెల్ పక్క పలకకు మధ్య సన్నటి రేకుల గేజ్ దూర్చి చూస్తే 0.6 మి.మీ సందు. ప్లేట్ బ్యారెల్‌కు ఆనాలి, ఆనడం లేదు. గాడిని 0.6 లోతు చేస్తే ప్లేట్ ఆనింది, హ్యామర్ కూడా అంతే లోపలికి వచ్చింది. మిగిలిన 0.4 గిన్నె వెడల్పులో సర్దుకుపోతుంది. వంచే పనే రాలేదు.

కానీ ప్లేట్ 0.6 లోపలికి పోతే దాని వెనకున్న సామానంతా 0.6 లోపలికి పోతుంది. సియర్ (ఎత్తిన హ్యామర్‌ని పట్టి ఉంచే మీట) చేయి కొస కర్రలో తన బెజ్జం అడుగుకు తగిలింది. దాని లక్షణం ఇలా ఉంటుంది: లాక్ చేతిలో ఉన్నప్పుడు టక్కుమని చక్కగా పడుతుంది, కర్రలో బిగించగానే ఫుల్ కాక్ (పేల్చడానికి హ్యామర్‌ని పూర్తిగా ఎత్తిన స్థితి) నిలవదు, లేదా అర బలంతో పడుతుంది. లాక్ పాడైందని తిప్పి పంపేవాళ్లున్నారు. తప్పు లాక్‌లో కాదు, కర్రలో. సియర్ కొసకు మసి పూసి, అంటిన చోట 1/8 ఉలితో 1 మి.మీ తీస్తే సరిపోయింది. మెయిన్ స్ప్రింగ్ కింది అంచు కూడా ఒకచోట ఒరుసుకుంటోంది. అక్కడ మెరుపు గీత కనిపిస్తుంది, దాని ఎదురుగా ఉన్న కర్ర గీకాలి.

పక్క మర బిగింపు గురించి. స్క్రూడ్రైవర్‌ని రెండు వేళ్లతో తిప్పి, ఆగిన చోట ఆపేయాలి. ఇంకో పావు చుట్టు బిగిస్తే ప్లేట్ వంగి, లోపలి టంబ్లర్ (హ్యామర్‌తో పాటు తిరిగే, సియర్ పట్టుకునే గాళ్లున్న ముక్క) నొక్కుకుపోయి హ్యామర్ నెమ్మదిగా పడుతుంది. మర బిగింపుతో లాక్ నడక మారుతోందంటే ప్లేట్ కింద ఇంకా ఎక్కడో ఎత్తు ఉన్నట్టే.

ట్రిగ్గర్‌కు వరసగా:

1. రామ్‌రాడ్ (గుండును మూతి నుంచి లోపలికి దింపే కర్ర) దించి బ్యారెల్ ఖాళీ అని చూసుకోవాలి. నిపిల్ మీద క్యాప్ ఉండకూడదు. హ్యామర్ పడే చోట తోలు ముక్క పెట్టాలి, లేకపోతే నిపిల్ కొస నలుగుతుంది.
2. హ్యామర్‌ని హాఫ్ కాక్‌లో (సగం ఎత్తి ఆపే భద్రతా స్థితి) పెట్టాలి. ఈ లాక్‌లో సియర్ చేయి అన్నిటికన్నా కిందికి దిగేది అక్కడే. కాబట్టి ట్రిగ్గర్‌కు, సియర్‌కు మధ్య సందు కొలవాల్సిందీ అక్కడే.
3. కనీసం 0.5 మి.మీ సందు ఉండాలి.
4. హాఫ్ కాక్‌లో ట్రిగ్గర్‌ని గట్టిగా లాగాలి. హ్యామర్ కదలకూడదు.

ఇక్కడ సందు సున్నా వచ్చింది. ట్రిగ్గర్ ప్లేట్ గాడి ఫ్యాక్టరీలోనే లోతుగా తవ్వి ఉంది, ట్రిగ్గర్ సియర్‌ని ఎప్పుడూ కొద్దిగా పైకెత్తి పెడుతోంది. అలా ఉంటే హాఫ్ కాక్ సగమే పట్టుకుంటుంది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది, ప్రమాదం లోపల కూర్చుంటుంది. ప్లేట్ కింద 0.4 మి.మీ ఇత్తడి రేకు వేసి, ట్రిగ్గర్ పై అంచును ఆకురాయితో కొద్దిగా తగ్గిస్తే 0.6 సందు వచ్చింది.

ట్రిగ్గర్ లాగుడు బరువు మొదట 9 పౌండ్లు. కర్ర ఒరుపులు తీశాక 7½. సియర్ చేయి అడుగును, ట్రిగ్గర్ పై అంచును 600 నంబరు ఉప్పు కాగితంతో నునుపు చేసి, ఇరుసులకు చుక్క నూనె వేశాక 5½. అక్కడితో ఆపేశాం. సియర్ ముక్కునీ, టంబ్లర్ గాడినీ ముట్టుకోలేదు. ఆ కోణం అర డిగ్రీ మారినా కుదుపుకు హ్యామర్ జారే తుపాకీ తయారవుతుంది. 3 పౌండ్ల ట్రిగ్గర్ కావాలంటే వేరే లాక్ కొనుక్కోవాలి.

నిపిల్ మరలు కూడా చూసుకోండి. స్పెయిన్ తయారీ బ్యారెళ్లకు సాధారణంగా 6 మి.మీ వ్యాసం, 1 మి.మీ పిచ్ (మర చుట్ల మధ్య దూరం) మర ఉంటుంది. అమెరికా తయారీవాటికి పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 28 మరలు. రెండూ పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. పావు అంగుళం దాన్ని 6 మి.మీ బెజ్జంలోకి బలవంతంగా తిప్పితే బ్యారెల్ మరలు పోతాయి. విడి నిపిల్ కొనేముందు కాలిపర్ పెట్టి చూడాలి.

లెక్క: ట్రిగ్గర్ గేజ్ 22, విడి నిపిల్ 8. మొత్తం 517 డాలర్లు.

## దశ 3: కర్ర, ఇత్తడి, రామ్‌రాడ్

బట్ ప్లేట్ (భుజానికి ఆనే కొసన ఉండే ఇత్తడి పలక) చుట్టూ కర్ర 1.5 మి.మీ ఎత్తుగా వస్తుంది. కావాలనే అలా వదిలిపెడతారు. ఇత్తడి సామానంతా మరలతో బిగించే ఉంచి, ఇత్తడినీ కర్రనూ కలిపి ఆకురాయితో ఒకే మట్టానికి తేవాలి. విడివిడిగా రుద్దితే అతుకు దగ్గర మెట్టు మిగిలిపోతుంది.

చిక్కు ఇత్తడి పొడితో. అది బీచ్ సన్న రంధ్రాల్లోకి దిగి బూడిద రంగు మరకవుతుంది, రంగేశాక ఇంకా ఎక్కువ తేలుతుంది. ఇత్తడి ఎత్తుగా ఉన్న చోట ముందు దాన్నే తగ్గించి, కర్రను బ్రష్‌తో దులిపి, ఆఖరి పొర కర్ర ఆ తర్వాత తీయాలి. ఉప్పు కాగితాన్ని వేళ్లతో పట్టుకుని రుద్దొద్దు. మెత్తటి కర్ర పల్లమై గట్టి ఇత్తడి పైకి నిలబడిపోతుంది. చెక్క దిమ్మకు చుట్టి రుద్దాలి. 120, 180, 220. అంతే. 400 దాకా వెళ్తే కర్ర గాజులా మూసుకుపోయి రంగు పీల్చదు.

రెండు ముక్కల అతుకు: ముందు ముక్క వెనక ముక్క కంటే కుడివైపు 0.7 మి.మీ బయటికి ఉంది. మధ్యలో ఇత్తడి పలక. అతుకు దగ్గర మాత్రమే రుద్దితే మెట్టు పోతుంది కానీ పక్క నుంచి చూస్తే సొట్ట కనిపిస్తుంది. ముందు ముక్క పొడవునా, దాదాపు 8 అంగుళాల మేర, వాలుగా తీసుకుంటూ వస్తే కంటికి తెలియలేదు. బ్యారెల్ బిగించి ఉన్నప్పుడే ఇది చేయాలి. విడిగా ఉన్న ముక్కలు బ్యారెల్ మీద ఎక్కాక వేరే వరసలో నిలబడతాయి.

మరలకు ముందే బెజ్జం వేయాలి: 6 నంబరు మరకు 7/64 అంగుళం డ్రిల్. కిట్‌లోని ఇత్తడి మరను నేరుగా బీచ్‌లోకి తిప్పితే తల తెగుతుంది. ముందు అదే కొలత ఇనుప మరకు మైనం రాసి తిప్పి, దాన్ని తీసి ఇత్తడిది పెట్టాలి.

కిట్‌లో వచ్చిన రామ్‌రాడ్‌ను పక్కన పడేశాం. కర్ర నార మూడు నాలుగు అంగుళాలకే పక్కకి జారిపోతోంది. అలాంటి కర్ర గుండు దింపుతుండగా ఏటవాలుగా విరిగి, ఆ కొస అరచేతిలో దిగుతుంది. 3/8 అంగుళం హికరీ కర్ర కొనేటప్పుడు నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా ఉందా అని చూడండి. ఇత్తడి కొసను జిగురుతో అతికించి వదిలేస్తే తుడిచే గుడ్డతో పాటు బ్యారెల్‌లోనే ఉండిపోతుంది. అడ్డంగా చిన్న పిన్ను దిగ్గొట్టాలి.

లెక్క: ఉప్పు కాగితం 16, హికరీ కర్ర 14. మొత్తం 547 డాలర్లు.

## దశ 4: బ్యారెల్‌కు గోధుమ తుప్పు

బ్యారెల్‌కు గోధుమ రంగు రావడానికి కావాలనే పలచగా తుప్పు పట్టించే దశ ఇది. పలకల మీద ఫ్యాక్టరీ మిల్లింగ్ గీతలున్నాయి. 10 అంగుళాల ఆకురాయిని అడ్డంగా పట్టి నిలువునా లాగుతూ వాటిని తీశాం, తర్వాత దిమ్మ మీద 150, 220. అంతకన్నా మెరుగు పెడితే తుప్పు సరిగా పట్టదు.

1. బ్యారెల్ లోపల గ్రీజు పూసి, రెండు వైపులా కర్ర బిరడాలు కొట్టాలి. ఇకపై పట్టుకునేది ఆ బిరడాల్నే. నిపిల్ బెజ్జంలో పాత నిపిల్ ఉంచాలి.
2. అసిటోన్‌తో తుడవాలి. తర్వాత వేలు తగిలితే ఆ వేలిముద్ర అలాగే అచ్చుపడిపోతుంది.
3. బ్రౌనింగ్ ద్రావణాన్ని దాదాపు పొడిగా పిండిన గుడ్డతో ఒక్క గీతలో, ఒకే దిశలో రాయాలి. తడి మీద మళ్లీ రాస్తే రాగి రంగు చారలు తేలతాయి.
4. తేమ పెట్టెలో పెట్టాలి. 12 గంటల తర్వాత గోనెగుడ్డతో పైపై పొడి రాల్చి, మళ్లీ రాయాలి.

మొదటి కోట్లకు ఏమీ జరగలేదు. హీటర్ నడుస్తున్న ఇంట్లో తేమ 28 శాతం, ఇక తుప్పు ఎక్కడిది? విశాఖలో సముద్రపు గాలి గేటుకీ గ్రిల్లుకీ అడక్కుండానే ఇచ్చేదాన్ని ఇక్కడ బతిమాలి తెచ్చుకోవాలి. పొడవాటి అట్టపెట్టెకు లోపల ప్లాస్టిక్ పరిచి, తడి తువ్వాలు, 40 వాట్ల బల్బు పెడితే 80 డిగ్రీల ఫారెన్‌హీట్, 78 శాతం తేమ వచ్చాయి. అప్పుడు పట్టింది. తేమను 90 దాటించి చూస్తే ఇనుము మీద నీటి బొట్లు నిలిచి ఒక పలక మీద చిన్న గుంటలు పడ్డాయి. ఆ పలక ఒక్కటీ మళ్లీ 220 నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 75, 80 మధ్య ఆపాలి.

రంగు సమానమయ్యాక వేడినీళ్లలో వంటసోడా కలిపి బాగా కడిగి, ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే నూనె పట్టించాలి. సోడా కడుగుడు ఎగ్గొడితే తుప్పు నూనె కింద కూడా తన పని తాను చేసుకుపోతుంది, ముఖ్యంగా డవ్‌టెయిల్ సందుల్లో.

లెక్క: ద్రావణం 15, అసిటోన్ 9. మొత్తం 571 డాలర్లు.

## దశ 5: కర్రకు రంగు, నూనె

తడిగుడ్డతో కర్ర తుడిచి, హీట్ గన్‌తో ఆరబెడితే నార ముళ్లలా లేస్తుంది. 220తో కొసలు మాత్రం తీయాలి. నార లేవడం ఆగేదాకా ఇలాగే.

బ్యారెల్ గాడి లోపల, పైకి కనబడని చోట రెండు రంగులు పరీక్షించాం. నూనె ఆధారపు రంగు బీచ్ మీద బురదలా నిలిచింది. ఆల్కహాల్‌లో కలిపే డై లోపలికి దిగింది, బీచ్ చుక్కలు కూడా కనబడుతున్నాయి. బట్ కొసన, మణికట్టు వంపులో నార తెగి ఉంటుంది కాబట్టి అక్కడ రెట్టింపు పీలుస్తుంది. ఆ చోట్ల డైని సగం ఆల్కహాల్‌తో పలచన చేసి రాయాలి.

పైన ఉడికించిన అవిసె నూనె, పలచటి పొరలు. బయటే కాదు, బ్యారెల్ గాడిలో, లాక్ గాడిలో, బట్ ప్లేట్ కింద కూడా పట్టించాలి, తేమ దూరేది అక్కడి నుంచే. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట విప్పి ఆరేయాలి, లేదా నీళ్లు పోసి మూత ఉన్న డబ్బాలో వేయాలి.

లెక్క: డై 12, నూనె 13. మొత్తం 596 డాలర్లు.

## దశ 6: రేంజ్‌లో

మందు మోతాదు తయారీదారు పుస్తకంలో ఉన్నదే, చిన్నదానితో మొదలు. నల్ల తుపాకీమందు గానీ, దానికి బదులుగా ఈ తుపాకులకే అమ్మే మందు గానీ తప్ప పొగలేని మందు చిటికెడు కూడా పోయకూడదు, బ్యారెల్ పేలిపోతుంది. గుండు 0.490 అంగుళం, గుండుకు చుట్టే గుడ్డ 0.015 అంగుళం మందం, క్యాప్ 11 నంబరు. ఖాళీ బ్యారెల్‌లో రామ్‌రాడ్ ఎక్కడిదాకా దిగుతుందో ఒక గీత, కూరాక ఎక్కడ ఆగుతుందో ఇంకో గీత పెట్టుకోవాలి. గుండు మందుకు ఆనకుండా మధ్యలో ఆగితే ఆ రెండో గీతే చెబుతుంది. క్యాప్ పేలి తుపాకీ పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకూడదు.

ముందు చూడాల్సింది లక్ష్యం మీది బెజ్జాల్ని కాదు, ఎదుట నేలమీద పడ్డ గుడ్డల్ని. ఇక్కడ గుడ్డలు ప్లస్ గుర్తులా కోసుకుపోయి వచ్చాయి. బ్యారెల్ మూతి అంచులో గాళ్లు పదునుగా ఉన్నాయన్నమాట. 320 కాగితం ముక్కను మూతిలో పెట్టి బొటనవేలితో తిప్పుతూ అంచు విరిచాక గుడ్డలు అంచులు నలిగి, మధ్యలో నిండుగా వచ్చాయి. లక్ష్యం మీద గుండ్ల గుంపు కూడా దగ్గరపడింది.

50 గజాల్లో గుండ్లు 4 అంగుళాలు కిందికి, 2 అంగుళాలు ఎడమకు పడుతున్నాయి. కిట్‌లో ముందు సైట్ (గురి చూసే మొన) ఎత్తుగా ఇచ్చేది అరగదీసుకోవడానికే. ఎంత అరగదీయాలో లెక్క ఇది: తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 25 అంగుళాలు, 50 గజాలంటే 1,800 అంగుళాలు. 4 × 25 ÷ 1,800 = 0.056 అంగుళం, అంటే 1.4 మి.మీ. ఎడమ తప్పుకు వెనక సైట్‌ని కుడికి 0.7 మి.మీ జరపాలి, ఇత్తడి కడ్డీతో తట్టి.

ముందు సైట్‌ని 1 మి.మీ దగ్గర ఆపి మళ్లీ చూశాం. గుండ్లు 1 అంగుళం కిందికి పడుతున్నాయి, లెక్కకు సరిపోయింది. మిగతా 0.4లో 0.2 తీసి వదిలేశాం. మందు మోతాదు ఖరారయ్యాక గుండు ఎత్తు మళ్లీ మారుతుంది, తీసిన ఇత్తడిని తిరిగి అతికించలేం.

ఇంటికొచ్చిన రోజే సబ్బు కలిపిన వేడినీళ్లతో లోపల కడగాలి. నల్ల తుపాకీమందు మసి గాలిలోని తేమ పీల్చుకుని రాత్రికి రాత్రే లోపల తుప్పు పెడుతుంది. కడిగాక నూనె గుడ్డ దింపి, మర్నాడు మరో తెల్లగుడ్డ దింపి చూడాలి. అది ఎర్రగా వస్తే మళ్లీ కడుగుడే.